బాగుంది, కానీ గుర్తుండటం లేదు: ఒక జంట చేసిన ఆల్బమ్ రివ్యూ కేస్ స్టడీ

నేపథ్యం

అమెరికా నుంచి వచ్చే ఒక చిన్న ఇంగ్లీష్ సంగీత పత్రికలో ఆల్బమ్ రివ్యూలు ఎడిట్ చేయడం నా పని. మాకు రాసేవాళ్లలో చాలామంది పగలు వేరే ఉద్యోగం చేసుకుంటూ, రాత్రిళ్లు పాటలు విని రాస్తారు. ఈ కేసులో రివ్యూ రాసింది ఒక తెలుగు అబ్బాయి. ఇండీ రాక్ (పెద్ద కంపెనీల అండ లేకుండా తయారయ్యే రాక్ సంగీతం) మీద ఇష్టంతో మా దగ్గరికి వచ్చాడు. అప్పటికి కొన్ని రివ్యూలు రాశాడు, చెవి మంచిది. ఇంగ్లీష్‌లో రాస్తాడు, నాతో తెలుగులో మాట్లాడతాడు, అక్కా అని పిలుస్తాడు.

ఆల్బమ్ చేసింది ఒక అమెరికన్ జంట, భార్యాభర్తలు. వాళ్ల పేరు, ఊరు, లేబుల్ (రికార్డు కంపెనీ), పాటల పేర్లు ఇక్కడ చెప్పను. గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను కూడా. ఏ దశలో ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామన్నది మాత్రం ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

ఈ కేసునే ఎందుకు ఎంచుకున్నానంటే, మా డెస్క్‌కి వచ్చే ఆల్బమ్స్‌లో ఎక్కువ భాగం ఇలాంటివే. అద్భుతంగా ఉన్న ఆల్బమ్ గురించి రాసేవాడికి చెప్పడానికి చాలా ఉంటుంది. ఘోరంగా ఉన్నదాని గురించీ ఉంటుంది. వినడానికి హాయిగా ఉండి, ఎక్కడా తప్పు పట్టడానికి లేక, అయిపోయాక ఏమీ మిగలని ఆల్బమ్ దగ్గరే పెన్ను ఆగిపోతుంది. ఇలాంటిదాన్ని నిజాయతీగా, పాఠకుడికి పనికొచ్చేలా రాయడం నేర్చుకున్నవాళ్లే మంచి రివ్యూయర్లు అవుతారని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇండీ రాక్‌లో జంటలు కొత్త కాదు. న్యూజెర్సీలోని హోబోకెన్‌లో 1984లో యో లా టెంగో అనే బ్యాండ్ మొదలుపెట్టిన ఐరా కాప్లన్, జార్జియా హబ్లీ భార్యాభర్తలే. మిన్నెసోటాలోని డులూత్‌లో 1993లో 'లో' (Low) అనే బ్యాండ్ మొదలుపెట్టిన అలన్ స్పార్‌హాక్, మిమీ పార్కర్ కూడా అంతే. 2022లో ఆమె చనిపోయేదాకా ఇద్దరూ కలిసే పాడారు. అందుకని జంట ఆల్బమ్ అనగానే వినేవాళ్లు కొంత ఆశ పెట్టుకుంటారు, రాసేవాళ్ల దగ్గర కొన్ని వాక్యాలు ముందే సిద్ధంగా ఉంటాయి. ఆ సిద్ధంగా ఉన్న వాక్యాలతోనే మా ఇబ్బంది మొదలైంది.

సమస్య

మొదటి డ్రాఫ్ట్ దాదాపు 700 మాటలు. అందులో సగానికి పైగా ఆ జంట కథే. ఎలా కలిశారు, నగరం వదిలి ఎందుకు వెళ్లారు, పిల్ల పుట్టాక కొన్నేళ్లు గిటార్ ఎలా పక్కన పెట్టేశారు, మళ్లీ ఇంట్లోనే ఒక గదిలో మైకులు పెట్టుకుని ఎలా రికార్డ్ చేశారు, ఇదంతా. దాదాపు ప్రతి వాక్యానికీ మూలం బ్యాండ్ ప్రచారం చూసే పీఆర్ మనిషి పంపిన ప్రెస్ నోట్‌లో ఉంది. మిగతా సగంలో సంగీతం గురించి ఉన్నవి విశేషణాలు: వెచ్చగా, హాయిగా, నిజాయతీగా, అందంగా. చివర్లో 10కి 7.3.

చదవడానికి బాగానే ఉంది. వేరే ఎడిటర్ అయితే రెండు కామాలు సరిచేసి వేసేసేవాళ్లేమో. నాకు రెండు అనుమానాలు వచ్చాయి. ఆ డ్రాఫ్ట్‌లో ఆల్బమ్ పేరు తీసేసి ఇంకో జంట ఆల్బమ్ పేరు పెట్టినా ఒక్క వాక్యం కూడా మార్చక్కర్లేదు, ఇది మొదటిది. రెండోది ఆ అబ్బాయినే అడిగాను.

"ఇప్పుడు ఆల్బమ్ పెట్టకుండా, అందులో ఒక పాట కొంచెం పాడి వినిపించు."

కాసేపు ఆగాడు. "రావట్లేదక్కా. కానీ వింటుంటే మాత్రం నిజంగా బాగుంది. వంట చేస్తూ రోజూ అదే పెట్టుకుంటున్నా."

ఈ జవాబులోనే కేసంతా ఉంది. అతను అబద్ధం రాయలేదు. ఆల్బమ్ అతనికి నచ్చింది, పాట గుర్తు లేదు. రెండూ నిజమే. డ్రాఫ్ట్‌లో మొదటి నిజం ఉంది, రెండోది లేదు. రెండోది లేకుండా వేస్తే పాఠకుడికి సగం మాటే చెప్పినట్టవుతుంది. అలాగని రెండోదాన్ని చివర్లో 'అయితే పాటలు గుర్తుండవు' అని ఒక వాక్యంగా అతికిస్తే, అది అభిప్రాయమే తప్ప వివరణ కాదు. ఎందుకు నచ్చింది, ఎందుకు నిలవలేదు అనే రెండు ప్రశ్నలకీ జవాబు పాటల్లోంచే రావాలి. నేను అతనికిచ్చిన పని అది.

దీనికి తోడు ఒక టెన్షన్ కూడా ఉంది. చిన్న బ్యాండ్, చిన్న లేబుల్. సంగీత రివ్యూలు వేసే చోట్లు ఏటికేడు తగ్గుతున్నాయి. పిచ్‌ఫోర్క్ అంతటి ఆన్‌లైన్ సంగీత పత్రికనే 2024 జనవరిలో దాని యజమాని కాండే నాస్ట్, జీక్యూ అనే మగవాళ్ల ఫ్యాషన్ పత్రిక కిందికి చేర్చింది. ఇలాంటి బ్యాండ్ పేరు వెతికితే కనిపించే రివ్యూ మాదొక్కటే అయినా ఆశ్చర్యం లేదు. పైగా పిల్లను పెంచుకుంటూ తీరిక చేసుకుని పాడిన మనుషులు. "వీళ్ల మీద కఠినంగా రాయడానికి చెయ్యి రావట్లేదక్కా" అన్నాడు. ఆ మొహమాటాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు. అది మంచితనమే. కానీ ఆ మంచితనం సగం డ్రాఫ్ట్‌ని ప్రెస్ నోట్‌తో నింపేసింది. మెచ్చుకోవడానికి పాటలో ఏదీ చేతికి దొరకనప్పుడు మనం మనుషుల్ని మెచ్చుకుంటాం.

ఏమేం ప్రయత్నించాం, ఏవి ఎందుకు నిలవలేదు

మొదట జీవితకథ మొత్తం కోసేశాం. నా లెక్క ఏంటంటే, ఆ కథ సంగీతానికి సాక్ష్యం కాదు. దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ వైట్ స్ట్రైప్స్ అనే ఇద్దరి రాక్ బ్యాండ్. జాక్ వైట్, మెగ్ వైట్ అక్కాతమ్ముళ్లమని చెప్పుకున్నారు. 1996లో పెళ్లి చేసుకుని 2000లో విడాకులు తీసుకున్న జంట అని తర్వాత బయటపడింది. కథ తలకిందులైంది, రికార్డుల్లో ఒక్క స్వరం మారలేదు. కాబట్టి, ఇద్దరి మధ్య ప్రేమ పాటలో వినిపిస్తోందని రాసేటప్పుడు, ఎక్కడ, ఏ చోట, ఎలా వినిపిస్తోందో చూపించగలగాలి. చూపించలేకపోతే అది ప్రెస్ నోట్ చదివి మనం ఊహించుకున్నదే.

కథ తీసేశాక మూడు పేరాలు మిగిలాయి, మూడూ విశేషణాలే. ఇది వైఫల్యమే అయినా రోగం ఎక్కడుందో చూపించింది. పెళ్లి కథ అదనంగా చేరిన కొవ్వు అనుకున్నాం. నిజానికి వినడం పూర్తి కాలేదన్న సంగతిని అది కప్పి ఉంచింది.

తర్వాత పోలికలు. యో లా టెంగో పక్కనా, 'లో' బ్యాండ్ పక్కనా ఈ ఆల్బమ్‌ని పెట్టి రాయమన్నాను. రెండు రోజుల్లో చక్కటి డ్రాఫ్ట్ పంపాడు, విషయం ఉన్న డ్రాఫ్ట్. కాకపోతే ఆ విషయమంతా పక్కవాళ్లది. యో లా టెంగో ఒకే ఆల్బమ్‌లో గుసగుసలాంటి పాట పక్కనే గిటార్ రొదతో నిమిషాల తరబడి సాగే పాట పెట్టగలరు. 'లో' బ్యాండ్ అంత నెమ్మదిగా పాడుతూ కూడా ఊపిరి బిగపట్టి వినేలా చేయగలదు. ఇవన్నీ చదివాక ఈ కొత్త జంట గురించి పాఠకుడికి తెలిసేది ఒక్కటే: వీళ్లు వాళ్లంత కాదు. అది ముందే తెలుసు. పైగా దశాబ్దాల పాటు పాడినవాళ్ల పక్కన చిన్న బ్యాండ్‌ని నిలబెట్టి కొలవడం న్యాయం కూడా కాదు. ఆ డ్రాఫ్ట్ పక్కన పెట్టేశాం. అందులో ఒక వాక్యం మాత్రం నా నోట్స్‌లో రాసి పెట్టుకున్నాను. ఆ జంటల్లో ఇద్దరూ ఒకేలా ఉండరని, ఒకరు మెత్తగా ఉన్నప్పుడు ఇంకొకరు గరుకుగా ఉంటారని రాశాడు. అప్పటికి దాన్ని ఎక్కడ వాడాలో తెలియలేదు.

పాట తర్వాత పాట వరసగా రాసే పద్ధతి కూడా చూశాం. దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పాటలన్నీ ఒకే స్థాయిలో ఉన్నప్పుడు ఆ పద్ధతిలో నాలుగో పాటకే మాటలు అయిపోతాయి. మూడో పాట గురించి రాసింది ఎనిమిదో పాటకి సరిపోయింది. అదే ఒక ఆధారమని తర్వాత అర్థమైంది.

ఈ దశలో అతనికి విసుగొచ్చింది. రాత్రికి రాత్రి పూర్తిగా ఇంకో రకం డ్రాఫ్ట్ పంపాడు. కోపంగా, పదునుగా, చదువుతుంటే నవ్వొచ్చేలా ఉంది. కాఫీ షాపుల కోసమే పుట్టిన పాటలనీ, ఎవరినీ నొప్పించకూడదని ఒట్టు పెట్టుకున్న ఆల్బమ్ అనీ రాశాడు. రేటింగ్ 4.5. నిజం చెప్పాలంటే వాక్యాల వరకూ అతను రాసినవాటిలో అదే ఉత్తమం. దాన్ని ఆపడానికే నేను అన్నిటికంటే ఎక్కువసేపు ఆలోచించాను.

ఆపడానికి మొదటి కారణం, అది అతని అనుభవం కాదు. వారం రోజులుగా వంట చేస్తూ ఇష్టపడి వింటున్న ఆల్బమ్ మీద కోపం ఎక్కడిది? రాయడం కష్టమైనందుకు వచ్చిన కోపాన్ని ఆల్బమ్ మీదికి మళ్లించాడు. ఇది చాలామంది రివ్యూయర్లకు జరుగుతుంది, బాగా రాసేవాళ్లకు ఇంకా ఎక్కువ జరుగుతుంది. మామూలు ఆల్బమ్ మీద మామూలుగా రాస్తే తన వాక్యాలు కూడా మామూలుగా కనిపిస్తాయేమోనన్న భయం ఉంటుంది. వెటకారం ఆ భయానికి వెంటనే మందు వేస్తుంది. పాఠకుడు నవ్వుతాడు, రివ్యూ షేర్ అవుతుంది, ఆల్బమ్ ఎలా ఉందన్నది మాత్రం ఎవరికీ తెలియదు.

రెండో కారణం మోతాదు. బోలెడంత ప్రచారంతో అందరి మీదా రుద్దిన ఆల్బమ్ డొల్లగా ఉంటే గట్టిగా చెప్పడం అవసరం. ఆ హడావుడికి ఎవరో ఒకరు ఎదురు చెప్పాలి. ఇంట్లో రికార్డ్ చేసుకుని, ఎవరి మీదా రుద్దకుండా విడుదల చేసిన పది పాటల మీద అంత బరువు వేయడానికి కారణం ఉండాలి. ఇక్కడ కారణం లేదు.

"ఇది వేస్తే నీకు పేరొస్తుంది. కానీ ఇందులో నీ వంటగది లేదు. నువ్వు వారం రోజులు విన్న ఆల్బమ్ ఇది కాదు" అని చెప్పాను. బాధపడ్డాడు. మర్నాడు ఫోన్ చేసి, "సరే అక్కా, మళ్లీ వింటా. ఈసారి ఎలా వినాలో చెప్పండి" అన్నాడు.

ఏది పనిచేసింది

ఎలా వినాలి అన్నది సరైన ప్రశ్న. అప్పటిదాకా మేమిద్దరం ఎలా రాయాలి అన్నదాని చుట్టూనే తిరుగుతున్నాం.

ఒక కాగితం తీసుకుని గళ్లు గీయమన్నాను. ప్రతి పాటకీ కొన్ని సంగతులు మాత్రం రాయాలి: మొదటి లైను ఎవరు పాడుతున్నారు, రెండో గొంతు ఎప్పుడు కలుస్తోంది, ఏ వాయిద్యం ఎక్కడ ఆగుతోంది, టెంపో (పాట వేగం) ఎంత, బ్రిడ్జ్ (పాట మధ్యలో వేరే ట్యూన్‌తో వచ్చే భాగం) ఉందా లేదా. విశేషణం ఒక్కటి కూడా రాయకూడదు. బాగుంది, బాగాలేదు అని అస్సలు రాయకూడదు. మనసులో ఏర్పడిపోయిన అభిప్రాయాన్ని కాసేపు పక్కకు జరపడానికి నాకు తెలిసిన మార్గం ఇదే. అభిప్రాయం అడిగితే చెవి అలసిపోతుంది. లెక్క అడిగితే మళ్లీ చురుగ్గా పనిచేస్తుంది.

నేను కూడా విడిగా అదే కాగితం నింపాను. పక్కపక్కన పెట్టి చూసుకుంటే బొమ్మ స్పష్టంగా కనిపించింది.

పది పాటల్లో తొమ్మిదింటిలో ఇద్దరి గొంతులూ మొదటి లైను నుంచే కలిసి ఉన్నాయి. ఆయన కింద, ఆమె పైన, మధ్య దూరం ఎప్పుడూ దాదాపు అంతే. పాశ్చాత్య హార్మనీలో (రెండు గొంతులు ఒకేసారి వేర్వేరు స్వరాలు పాడటంలో) చాలా సుఖంగా వినిపించే థర్డ్స్ అది, మన 'స'కీ 'గ'కీ మధ్య ఉండే దూరం లాంటిది. టెంపోలన్నీ నిమిషానికి 104 నుంచి 118 బీట్స్ మధ్యే. గిటార్ 1960ల నుంచి వస్తున్న గలగలలాడే జాంగిల్ పద్ధతిలో, మీద పల్చగా రివర్బ్ (గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని). డ్రమ్స్ ఒకసారి మొదలైతే పాట అయ్యేదాకా ఆగవు. బ్రిడ్జ్ దాదాపు ఎక్కడా లేదు. వర్స్ (చరణం), కోరస్ (పల్లవి), వర్స్, కోరస్, ఇంకోసారి కోరస్, అంతే.

ఈ కాగితం చూసి అతనన్న మాటతోనే కేసు మలుపు తిరిగింది.

"అక్కా, మన సినిమా డ్యూయెట్‌లో ఒక లైను ఆయన పాడితే ఇంకో లైను ఆవిడ పాడుతుంది కదా. ఘంటసాల, సుశీల అయినా అంతే, బాలు, జానకి అయినా అంతే. అడగడం, చెప్పడం, కాదనడం, అలగడం. వీళ్లు ఒకరినొకరు ఏమీ అడగట్లేదు. ముందే ఒప్పేసుకుని పాడుతున్నారు."

దీన్ని యథాతథంగా వాడుకోలేం. రెండు సంప్రదాయాలూ వేరు. మన సినిమా పాట రాగం మీద, వంతులవారీగా సాగే సంభాషణ మీద నడుస్తుంది. అమెరికన్ రాక్‌లో రెండు గొంతులు కలిపి పాడటానికి వేరే పెద్ద చరిత్ర ఉంది, హార్మనీ అక్కడ లోపం కాదు. డ్యూయెట్ కొలతతో ఈ ఆల్బమ్‌ని కొలిస్తే తప్పవుతుంది. అందుకే రివ్యూలో డ్యూయెట్ ప్రస్తావన పెట్టలేదు. కానీ ఆ చెవి వల్ల పట్టుకున్న విషయం మాత్రం ఈ ఆల్బమ్‌కి నూటికి నూరుపాళ్లూ వర్తిస్తుంది. పాటల మాటలు చూడండి: ఇల్లు అమ్మడం గురించి ఒక పాట, ఒకరికి ఉద్యోగం పోవడం గురించి ఒకటి, రాత్రంతా నిద్రపోని పిల్ల గురించి ఒకటి. ఇద్దరు మనుషులు ఒకే సంగతిని రెండు రకాలుగా చూసే సందర్భాలు ఇవి. పాడేటప్పుడు మాత్రం ఇద్దరూ ఒకే మాట, ఒకే క్షణంలో, ఒకే మెత్తదనంతో. మాటల్లో ఉన్న గొడవ గొంతుల్లోకి రాలేదు.

హాయికి కారణం ఇదే. నిలవకపోవడానికీ కారణం ఇదే. ఎక్కడా ఒరుసుకోని రెండు గొంతులు చెవికి సుఖాన్నిస్తాయి, మనసు పట్టుకోవడానికి మాత్రం ఎక్కడా అంచు మిగల్చవు. మొదటి నుంచీ మేం వెతుకుతున్న రెండు ప్రశ్నలకూ ఒకే జవాబు దొరికింది. పోలికల డ్రాఫ్ట్‌లోంచి నేను నోట్ చేసుకున్న వాక్యం అప్పుడు పనికొచ్చింది. యో లా టెంగో, 'లో' బ్యాండ్ల లాంటి జంటలు మన మనసులో నిలిచిపోవడానికి కారణం వాళ్లు గొప్పవాళ్లని మాత్రమే కాదు. వాళ్ల పాటల్లో ఇద్దరు మనుషులు ఇద్దరుగానే వినిపిస్తారు.

ఇక మిగిలిన ఆ ఒక్క పాట. ఏడో పాట ఒక్కటి కాగితం మీద మిగతావాటికి భిన్నంగా ఉంది. మూడు నిమిషాలు కూడా లేదు. మొదటి వర్స్ మొత్తం ఆమె ఒక్కతే పాడుతుంది, గిటార్ మీద రివర్బ్ లేదు, తీగ మీద వేళ్లు జరిగే చప్పుడు వినిపిస్తుంది. రెండో వర్స్‌లో ఆయన ఒక లైను ఆలస్యంగా, ఆమె పాడే మాట కాకుండా వేరే మాటతో మొదలుపెడతాడు. కాసేపు ఇద్దరి మాటలూ ఒకదాని మీద ఒకటి పడి ఏదీ సరిగ్గా అర్థం కాదు. తర్వాత కోరస్‌లో డ్రమ్స్ ఉండవు. వెళ్లాలా, ఉండాలా అన్నది ఆ పాట విషయం, చివరిదాకా తేలదు. ఆ పాట గురించి అతని మొదటి డ్రాఫ్ట్‌లో ఒక్క ముక్క లేదు. ఎందుకంటే వంట చేస్తూ వింటే ఆ పాట కొంచెం ఇబ్బంది పెడుతుంది, మిగతావాటితో కలవదు. ప్రెస్ నోట్‌లోనూ దాని మాట లేదు.

రివ్యూని ఆ పాట చుట్టూ కట్టాం. మొదటి పేరాలో ఆల్బమ్ ఎప్పుడు, ఎలా వింటే బాగుంటుందో మొహమాటం లేకుండా చెప్పాం. సాయంత్రం పూట, పనిలో ఉన్నప్పుడు, ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడనప్పుడు. దీన్ని తక్కువ చేసి రాయకూడదని పట్టుబట్టాను. పని చేసుకుంటూ వినే పాటలు మనిషికి నిజంగా అవసరం, వాటిని బాగా చేయడం కూడా నైపుణ్యమే. రెండో పేరాలో ఆ హాయి ఎలా తయారవుతోందో వివరం: గొంతుల మధ్య దూరం, టెంపో, ఆగని డ్రమ్స్. ఆ తర్వాత ఇల్లు అమ్మిన పాటని దగ్గరగా చూసి, మాటలు ఒకవైపూ గొంతులు ఇంకోవైపూ వెళ్లడం. చివరగా ఏడో పాట. మిగతా తొమ్మిదింటిని కొలవడానికి బయటి బ్యాండ్ ఎవరూ అక్కర్లేదని, వాళ్లే చేసిన ఈ పాట చాలని రాశాడు. ఆ వాక్యం పూర్తిగా అతనిదే. చిన్న బ్యాండ్‌ని దాని సొంత కొలతతోనే కొలవడానికి అంతకంటే న్యాయమైన దారి నాకు కనిపించలేదు.

జీవితకథ ఎంత ఉంచాలన్నది మళ్లీ చర్చకొచ్చింది. ఇద్దరూ భార్యాభర్తలు అన్న ఒక్క మాట ఉంచాం. ఆ ఇల్లు, ఆ పిల్ల పాటల్లోనే ఉన్నాయి కాబట్టి అది తెలియడం అవసరం. ఎలా కలిశారన్నది ఏ పాటలోనూ లేదు, అందుకే తీసేశాం.

నిడివి 450 మాటలకు తగ్గింది. ఇది కావాలని చేసిందే. మధ్యస్థంగా ఉన్న ఆల్బమ్‌కి తక్కువ మాటలు చాలన్న సంప్రదాయం మా రంగంలో పాతదే. 1969లో న్యూయార్క్ వారపత్రిక విలేజ్ వాయిస్‌లో కన్స్యూమర్ గైడ్ అనే తన శీర్షిక మొదలుపెట్టిన విమర్శకుడు రాబర్ట్ క్రిస్ట్‌గౌ ఒక్కో ఆల్బమ్‌ని ఒక చిన్న పేరాలో తేల్చి, బళ్లో మార్కుల్లా అక్షరాల గ్రేడ్ ఇచ్చేవాడు. అంత కుదించడం అందరివల్లా కాదు. కానీ చెప్పాల్సింది దొరికాక సాగదీయకపోవడం అందరూ నేర్చుకోవచ్చు.

రేటింగ్ దగ్గర కాస్త వాదన జరిగింది. అతను 7.0 దగ్గర ఆపుదామన్నాడు. మన తెలుగు సినిమా రివ్యూల్లో 2.75కీ 3కీ మధ్య ఎంత దూరం ఉందో అందరికీ తెలుసు. 3 అంటే వెళ్లొచ్చు, 2.75 అంటే ఆలోచించుకోండి. మా పత్రికలో 7కి అలాంటి గీతే ఉంది. 7 దాటితే వెతుక్కుని వినమని చెప్పడం. ఈ ఆల్బమ్‌ని వెతుక్కుని వినమని అతను తన స్నేహితుడికి చెప్తాడా అని అడిగాను. "ఏడో పాట పంపిస్తా. ఆల్బమ్ మొత్తం అయితే… నా ఇంటికొచ్చినప్పుడు వినిపిస్తుంది" అన్నాడు. 6.4 ఇచ్చాం. రివ్యూ ఏం చెప్తోందో అంకె కూడా అదే చెప్పాలి. ప్రేమగా రాసి అంకె తగ్గించినా, కఠినంగా రాసి అంకె పెంచినా చదివేవాళ్లు రెండింటినీ నమ్మరు.

తర్వాత

పీఆర్ మనిషి మర్యాదగానే మెయిల్ రాసింది. ఏడో పాట గురించి అంత బాగా రాశారు కదా, రేటింగ్ కొంచెం పెంచడానికి వీలుంటుందా అని. కుదరదని, కారణంతో సహా అంతే మర్యాదగా జవాబిచ్చాను. వివరంలో తప్పుంటే ఆ రోజే సరిచేస్తాం. తీర్పు మీద బేరం ఉండదు. వాళ్లు ఏడో పాట గురించిన వాక్యాన్ని తమ ప్రచారంలో వాడుకున్నారు. సందర్భం మార్చకుండా వాడారు కాబట్టి అభ్యంతరం చెప్పలేదు.

ఒక పాఠకుడు మాతో విభేదించాడు. ఇంట్లో పసిబిడ్డ ఉందని, రాత్రిపూట ఆ ఆల్బమ్ ఎక్కడా మారకపోవడమే తనకి కావాలని, ఏడో పాట వస్తే స్కిప్ చేస్తానని రాశాడు. నాకు ఆ ఉత్తరం నచ్చింది. మా తీర్పు తప్పని అనిపించలేదు, అతని మాట కూడా తప్పు కాదు. రివ్యూలో మేం చెప్పిన లక్షణాన్నే తీసుకుని, అది తనకి ఎందుకు గుణమో చెప్పాడు. కారణాలు కనిపించేలా రాసిన రివ్యూతో ఇలా విభేదించవచ్చు. 'హాయిగా ఉంది' అని మాత్రమే రాసుంటే అతనికి విభేదించడానికి గానీ ఒప్పుకోవడానికి గానీ ఏమీ ఉండేది కాదు.

ఈ కేసు నుంచి మా డెస్క్ తీసుకున్నవి

గుర్తుండకపోవడాన్ని ఆధారంగా తీసుకోవడం మొదలుపెట్టాం. ఇంతకుముందు రివ్యూయర్ "బాగుంది కానీ గుర్తు లేదు" అంటే మళ్లీ వినమని మాత్రమే చెప్పేవాళ్లం. ఇప్పుడు గళ్ల కాగితం ఇస్తున్నాం. అన్ని ఆల్బమ్స్‌కీ ఇది పనికిరాదు. బాగా కోపమో బాగా ఇష్టమో కలిగించిన ఆల్బమ్‌కి ఆ కోపం, ఆ ఇష్టమే దారి చూపిస్తాయి. ఏదీ కలగనప్పుడే లెక్క అవసరం.

జంటల ఆల్బమ్స్ విషయంలో ఒక ప్రశ్న ప్రత్యేకంగా అడుగుతాం: ఈ రికార్డులో ఇద్దరూ ఎక్కడ విడిపోతున్నారు? పెళ్లి గురించి కాదు, అమరిక గురించి. ఎవరు ముందు మొదలుపెడుతున్నారు, ఎవరు ఆగుతున్నారు, ఎవరి మాట మీద ఎవరి మాట పడుతోంది. ఇద్దరూ ఎప్పుడూ విడిపోకపోవడం కూడా ఒక ఎంపికే, దానివల్ల గొప్ప పాటలు రావచ్చు. అది ఎంపికా, అలవాటా అన్నది పాటలోని మాటల పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. ఈ ఆల్బమ్‌లో అది అలవాటే అనడానికి మాకు ఆధారం, అదే చేతులతో వాళ్లు చేసిన ఏడో పాట.

ప్రెస్ నోట్ చదివే వేళ కూడా మార్చాం. నిషేధించలేదు, పేర్లు, వివరాలు సరిచూసుకోవడానికి అది కావాలి. మొదటి డ్రాఫ్ట్ నా దగ్గరికి వచ్చాకే నోట్ పంపుతున్నాను. ఆల్బమ్ ఒక్కటే విని రాసిన డ్రాఫ్ట్‌లో విషయం తక్కువుంటే, తక్కువుందన్న సంగతి ఆ రోజే తెలిసిపోతుంది.

మొహమాటం గురించి అతనికి నేను చెప్పింది ఇక్కడా రాస్తాను. చిన్న బ్యాండ్‌కి ఎక్కువ మార్కులు వేసి మేలు చేస్తున్నామనుకుంటాం. మూడు నిమిషాలు కూడా లేని ఒక పాటలో రివర్బ్ లేదని, అక్కడ వేళ్ల చప్పుడు వినిపిస్తోందని, ఆయన ఒక లైను ఆలస్యంగా వస్తాడని గమనించి రాసిన మనిషి వాళ్లకి అంతకంటే ఎక్కువ ఇచ్చాడు. వాళ్ల తర్వాతి ఆల్బమ్ కూడా అతనికే ఇస్తానని మాట ఇచ్చాను.